ముద్దుపళని పుస్తకం, కళావంతుల ఆట: ఒక వెలివేత చరిత్ర

కర్త దోషం కృతికి అంటుతుందా అన్న ప్రశ్న ఇవాళ సామాజిక మాధ్యమాలలో తరచుగా రగులుతున్నది. ఒక గాయకుడి మీదో, దర్శకుడి మీదో, కవి మీదో ఆరోపణ వెలువడగానే అతని పాట వినవచ్చునా, సినిమా చూడవచ్చునా, పుస్తకం అలమరలో ఉంచుకోవచ్చునా అన్నదానిపై వేలమంది ఒక్క పూటలో తీర్పు చెప్పేస్తారు. మరికొన్ని వేలమంది కళ వేరు, కళాకారుడు వేరు అంటూ అడ్డుపడతారు. ఇరుపక్షాలూ ఇది తమ కాలానికే ప్రత్యేకమైన చిక్కు అనుకుంటాయి. కానీ తెలుగు దేశంలోను, తెలుగు పాటకు నీడనిచ్చిన మద్రాసు, తంజావూరు సీమలలోను 1890ల నుంచి 1950ల వరకు కళను కళాకారుల నుంచి విడదీసే పని పత్రికల ద్వారా, ప్రతిజ్ఞాపత్రాల ద్వారా, చివరకు చట్టం ద్వారా పట్టుదలతో జరిగింది. నేటి వివాదంలో నింద మోసేవాడు ఏదో ఒక పని చేశాడన్న ఆరోపణ అయినా ఉంటుంది. నాటి వ్యవహారంలో నింద మోసిన స్త్రీలు ఫలానా తప్పు చేశారని ఎవరూ నిరూపించనక్కరలేకపోయింది, వారి పుట్టుకే అందుకు చాలింది.

కోస్తా జిల్లాలలో కళావంతులు అని గౌరవంగాను, భోగంవారు, సానులు అని వాడుకలోను పిలిచిన ఆ సమాజం స్త్రీల వరుసలో సాగినది. సంగీతం, నాట్యం, తెలుగు సంస్కృత సాహిత్యాలు తల్లి నుంచో అమ్మమ్మ నుంచో పిల్లకు సంక్రమించేవి. ఆస్తి కూతుళ్లకు చెందేది. కొందరు ఆలయానికి సమర్పితులై మాన్యాలు, అంటే దేవుని సేవకు ప్రతిఫలంగా అనుభవించే భూములు, పొందేవారు. పెళ్లి అన్నది లేకుండానే ఒక జమీందారుతోనో సంపన్న గృహస్థుతోనో ఏళ్ల తరబడి కలిసి బతకడం ఆ సమాజంలో మామూలు. గోదావరి డెల్టాలోని కోటిపల్లి, మురమండ, బల్లిపాడు, దువ్వ వంటి ఊళ్లు ఈ కుటుంబాలకు పేరుపడ్డవి. వారి కళకు రెండు తావులుండేవి. ఒకటి గుడి, రెండోది మేజువాణి, అనగా జమీందారుల లోగిళ్లలోను పెళ్లి పందిళ్లలోను ఆహ్వానితుల ఎదుట జరిగే కొలువు. మేజువాణిలో నర్తకి తానే పాడుతూ ఒక్క పాదాన్ని పదే పదే తిప్పి, ప్రతిసారీ కొత్త భావాన్ని ముఖంలోను హస్తంలోను చూపేది. నాయిక విరహాన్ని, అలుకను, దెప్పిపొడుపును విలంబ కాలంలో చెప్పే పదాలు, వాటికంటె చలాకీగా నడిచే జావళులు అక్కడ ప్రధానం. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాలు కాగితం మీదకంటె ఈ స్త్రీల గొంతులలోనే ఎక్కువగా బతికాయి. పిఠాపురం ప్రాంతంలో సత్యభామ కథను తొమ్మిది రాత్రులు ఆడే నవజనార్దన పారిజాతం కూడా వారి సొత్తే. పందొమ్మిదో శతాబ్దంలో చదవను వ్రాయను నేర్చిన తెలుగు స్త్రీలు అత్యల్పంగా ఉన్న రోజులలో అలంకారశాస్త్రం తెలిసిన స్త్రీ కావాలంటే ప్రధానంగా ఈ గడపలలోనే వెదకవలసి వచ్చేదన్న సంగతి తరవాతి చరిత్రకారులు చాలామంది తేలికగా దాటవేశారు.

ఈ కొలువుల మీద ధ్వజమెత్తినవారు సామాన్యులు కారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1874లో స్థాపించిన వివేకవర్ధని పత్రిక అధికారుల లంచగొండితనాన్ని, పెద్దమనుషుల వేశ్యాలోలత్వాన్ని నిర్భయంగా దుయ్యబట్టింది. ఉంపుడుకత్తె ఉండడం హోదాకు గుర్తుగా చెల్లిన కాలంలో దానిని సిగ్గుపడవలసిన విషయంగా మార్చడం ఆయన సాధించిన పని. రఘుపతి వేంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ దీక్షతో, తరవాత కాకినాడ కళాశాల ప్రధానాచార్యుడిగా, విద్యార్థులకు శీలశుద్ధిని బోధించి, మేజువాణికి వెళ్లబోమని వారు మాట ఇచ్చేలా చేశారు. 1892లో మద్రాసులో ఏర్పడిన హిందూ సంఘసంస్కరణ సభ మరుసటి ఏడు గవర్నరుకు, వైస్రాయికి మహజర్లు పంపి, భోగం మేళం ఉన్న విందుకు వారు హాజరు కాకూడదని కోరింది. తాము చూసిన ప్రదర్శనలలో అనుచితమేమీ కనిపించలేదంటూ ఆ దొరలు ఇద్దరూ నిరాకరించారు. ప్రభుత్వం కాదన్నా ఉద్యమం ఆగలేదు, ఎందుకంటే దాని బలం ప్రభుత్వాజ్ఞలో కాక నలుగురిలో తలవంపుల భయంలో ఉన్నది. మేళం పెట్టించిన ఇంటి పెళ్లికి పోకపోవడం, పోయినవారిని సభలలోను పత్రికలలోను ఎత్తిపొడవడం, ప్రతిజ్ఞ చేసి తప్పినవారిని వెక్కిరించడం దాని సాధనాలు. ఇవన్నీ నేటి అంతర్జాలపు వెలివేతకు చుట్టాలే.

ఉద్యమానికి న్యాయమైన కారణం లేదనడం చరిత్రను వంచించడమే అవుతుంది. అభం శుభం తెలియని ఆడపిల్లలను సమర్పణ పేరిట ఒక బతుకుకు కట్టివేయడం అమానుషం. ఆ బాధను ఎరిగిన యామినీ పూర్ణతిలకమ్మ వంటి స్త్రీలు అదే సమాజంలో పుట్టి ఆ ఆచారాన్ని ఎదిరించారు. అయితే ఆచారం మీద ఎక్కుపెట్టిన బాణం ఆచారాన్ని నడిపించిన మగవారి కంటె ముందుగా అందులో చిక్కిన స్త్రీలను తాకింది. కొలువు పెట్టించిన జమీందారు ఆ అలవాటు మానుకుంటే సంస్కర్త అనిపించుకోవచ్చు. ఆడిన స్త్రీకి ఆట మానినా పేరు మారేది కాదు. ఈ విడ్డూరాన్ని అందరికంటె ముందు పట్టుకున్నవాడు గురజాడ. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమై, 1909లో పూర్తిగా పెంచి రాసిన రూపంలో వెలువడిన కన్యాశుల్కంలో, వేశ్యతో మాటాడననే వ్రతం పట్టిన సౌజన్యారావు పంతులు ఎదుటికి వేశ్య అయిన మధురవాణి మగవేషంలో వస్తుంది. ఆ సన్నివేశంలో వ్రతం పట్టిన సజ్జనుడి మంచితనాన్ని గురజాడ ఎక్కడా శంకించడు. అతని మంచితనంలో ఎదుటి మనిషికి చోటెక్కడ అని మాత్రం మధురవాణి చేత అడిగిస్తాడు.

నాటకంలో మధురవాణి అడిగిన ప్రశ్నను, ఆ మరుసటి ఏడే, అచ్చుపుస్తకం పీఠికలో నిజమైన స్త్రీ ఒకతె అడిగింది. ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ; ఆమె ప్రచురించిన గ్రంథం రాధికా సాంత్వనము. తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని కొలువులో, అంటే 1739 నుంచి 1763 వరకు నడిచిన పాలనలో, ముద్దుపళని అనే వేశ్య ఈ శృంగార ప్రబంధాన్ని రచించింది. నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు గల ఈ కావ్యంలో రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్లి చేసి, తొలిరేయికి ఇద్దరికీ బుద్ధులు చెప్పి పంపి, తరవాత ఎడబాటుకు ఓర్వలేక అలుగుతుంది. కృష్ణుడు ఆమెను ఊరడించడమే కావ్యవస్తువు, పేరు కూడా అందువల్లనే వచ్చింది. తెలుగు శృంగార ప్రబంధాలలో స్త్రీ కోరిక కొత్త కాదు, కానీ ఆ కోరికను స్త్రీయే చెప్పడం, వయసు మళ్లుతున్న స్త్రీ ఈర్ష్యను నవ్వులాటగా కాక మనసు నొచ్చుకునే విషయంగా చిత్రించడం అరుదు. అవతారికలో ముద్దుపళని తన వంశపు స్త్రీలను సగర్వంగా చెప్పుకుంటుంది, పండితులకు తాను చేసిన సన్మానాలను, తనకు అంకితమైన కృతులను పేర్కొంటుంది. కవులందరూ అవతారికలో చేసే ఆత్మప్రశంసే ఇది. చేసినది ఆడది కావడమే తరవాతివారికి కంటగింపయింది.

సి.పి. బ్రౌన్ వద్ద పనిచేసిన పండితుడు పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని 1887లో వ్యాఖ్యతో అచ్చువేయించాడు. 1907లో అది మళ్లీ ముద్రితమైంది. ఆ ప్రతిలో అవతారిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఫలితం మాత్రం కళ్లకు కట్టినట్లున్నది: కావ్యాన్ని నిలిపి, కవయిత్రి తన గురించి తాను చెప్పుకున్న మాటలను తీసివేశారు. కర్తనుంచి కృతిని వేరుచేయడమంటే అక్షరాలా ఇదే. మరోవైపు వీరేశలింగం తన ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళనిని ప్రస్తావించి, ఆమెను వ్యభిచారిణిగా పేర్కొని, ఆ గ్రంథంలోని అనేక భాగాలు స్త్రీ నోటినుంచి వెలువడడం అటుంచి స్త్రీ చెవిని పడడానికైనా తగవని తీర్పునిచ్చారు; వేశ్యాకులంలో పుట్టినందువల్ల ఆమెకు స్త్రీసహజమైన లజ్జ లేదన్నది ఆయన హేతువు. సంపాదకుడు కర్తను దాచి కృతిని మెచ్చాడు, చరిత్రకారుడు కర్తను చూపి కృతిని తోసిపుచ్చాడు. రెండు పద్ధతులూ పైకి వ్యతిరేకమైనవే అయినా ముద్దుపళనికి దక్కవలసిన చోటును దక్కనీయకపోవడంలో ఒకటయ్యాయి.

1878లో నంజనగూడులో పుట్టిన నాగరత్నమ్మ కన్నడ, తెలుగు, సంస్కృత భాషలలో పాండిత్యం గల గాయని, మద్రాసులో స్థిరపడి కచేరీలతో ధనం, పేరు గడించిన కళాకారిణి. ముద్దుపళని ప్రస్తావన చదివి, అచ్చుప్రతి సంపాదించి, వ్రాతప్రతితో పోల్చి చూసినప్పుడు విడిచిపెట్టిన భాగాలు ఆమె కంటబడ్డాయి. 1910లో వావిళ్లవారి ద్వారా అవతారికతో సహా సంపూర్ణ ప్రతిని ప్రకటించి, రసవంతమైన ఈ కావ్యాన్ని రచించినది ఒక స్త్రీ, అందునా తమ కులపు స్త్రీ అన్న కారణంచేతనే దానిని సరైన రూపంలో వెలికి తేవడం తన విధిగా భావించానని ఆమె పీఠికలో తెలిపింది. వీరేశలింగానికి ఆమె ఇచ్చిన జవాబు తెలుగు విమర్శలో అరుదైనది. సిగ్గు అనేది స్త్రీలకే సహజమా, పురుషులకు అక్కరలేదా అని నిలదీసింది. వేశ్య గనుక ముద్దుపళని సంకోచం లేకుండా రాసిందంటే, గౌరవనీయులైన పురుషులు అంతకు మించి రాయరాదు గదా అని తర్కించింది. వీరేశలింగమే చూసి ముద్రణకు ఆమోదించిన సారంగు తమ్మయ వైజయంతీ విలాసములోని వర్ణనలు దీనికంటె ఏమాత్రం మర్యాదగా ఉన్నాయో చెప్పమన్నది. కులాన్ని బట్టి కవిత్వాన్ని తూచరాదని ఆమె అనడంలో విశేషమేమంటే, కర్తను మరిచిపోయి కృతిని మాత్రమే చూడమని ఆమె కోరలేదు. కర్త ఎవరో పూర్తిగా తెలిసే, ఆ తెలివితోనే, కృతిని చదవమన్నది. ఇవాళ కళాకారులను వెనకేసుకు వచ్చేవారు ఎక్కువమంది చేసే వాదానికి ఇది పూర్తిగా భిన్నమైన దారి, అంతకంటె కష్టమైనది కూడా.

ఫలితం ఆమె ఆశించినట్లు లేదు. 1911లో ఒక తెలుగు పత్రిక ఆ గ్రంథాన్ని తూర్పారబట్టింది. ప్రభుత్వ అనువాదకుడు పుస్తకంలో అశ్లీలమున్నదని నివేదించాడు. పోలీసులు ప్రతులను జప్తు చేశారు. పండితులు కొందరు విన్నపాలు పంపినా ప్రభుత్వం చెవినబెట్టలేదు. ఆ రోజులలో పురుషులు రాసిన కొన్ని శృంగార ప్రబంధాలకు కూడా అశ్లీల ముద్ర పడిన మాట నిజమే గానీ, వాటి విషయంలో రాసినవాడి పుట్టుక మీద చర్చ నడవలేదు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో నిషేధం తొలగిపోయే దాకా తెలుగు పాఠకులకు ఈ కావ్యం దొంగచాటు చదువుగానే మిగిలింది.

పుస్తకానికి జరిగినది 1930లలో ఆటకు కూడా జరిగింది, అయితే మరింత మెలకువతో. అప్పటిదాకా సదిర్ అని, కచేరి ఆట అని పిలిచిన నృత్యం మద్రాసు పెద్దమనుషుల దృష్టిలో పరువు తక్కువ వ్యవహారం. 1932లో బొబ్బిలి రాజా ముఖ్యమంత్రి అయిన సందర్భంలో జరిగిన విందులో ఈ ఆట పెట్టించినందుకు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పత్రికాముఖంగా నిరసన తెలపగా, న్యాయవాది ఇ. కృష్ణ అయ్యర్ ఆట వేరు, ఆడేవారి జీవితం వేరు అని సమర్థించారు. నేడు నిత్యం వినిపించే వాదం అచ్చంగా అదే మాటలతో అప్పటికే వినిపించింది. ముత్తులక్ష్మి తల్లి దేవదాసీ కుటుంబంలో పుట్టినది గనుక ఆమె కోపానికి స్వానుభవం ఉన్నది. కృష్ణ అయ్యర్ తాను స్వయంగా స్త్రీవేషంతో ఆ ఆట ఆడి దానిని బతికించాలని చూసినవాడు గనుక ఆయన ప్రేమా బూటకం కాదు. మద్రాసు సంగీత విద్వత్సభ ఆ ఆటకు భరతనాట్యమన్న పేరును ఖాయం చేసింది. 1935 డిసెంబరులో అడయారు దివ్యజ్ఞాన సమాజపు ఆవరణలో రుక్మిణీదేవి ప్రదర్శన ఇవ్వడం, మరుసటి సంవత్సరం కళాక్షేత్రం స్థాపించడం తరవాత ఆ నృత్యం గౌరవ కుటుంబాల ఆడపిల్లల విద్య అయింది. అప్పుడు కళ దక్కింది. అప్పటిదాకా దాన్ని నిలిపిన స్త్రీలు వేదిక దిగిపోయారు. రుక్మిణీదేవి శృంగారాన్ని భక్తిలోకి ఒదిగించి పదాలను ఏరివేయగా, వీణ ధనమ్మాళ్ మనుమరాలు బాలసరస్వతి శృంగారమే ఆ నృత్యానికి ప్రాణమని, దానిని కడగవలసిన అవసరం లేదని జీవితాంతం పట్టుబట్టింది. తమిళనాట క్షేత్రయ్య తెలుగు పదం చెడకుండా మిగిలిందంటే ధనమ్మాళ్ ఇంటి ఆడవారి పుణ్యం కొంత ఉన్నది.

తెలుగు జిల్లాలలో కళావంతులకు బాలసరస్వతి వంటి ప్రతిష్ఠ గల గొంతు లేకపోయింది. 1947లో మద్రాసు శాసనసభ చేసిన దేవదాసీ నిషేధ చట్టం సమర్పణను నేరం చేసింది, అది స్వాగతించవలసినదే. కానీ అదే చట్టం భోగం, కళావంతులు, సాని, నాగవాసులు వంటి సమాజాలను పేరుపేరునా పేర్కొని గుడిలో స్త్రీలు ఆడడాన్ని నిషేధించగా, 1956లో ఆంధ్రలో వచ్చిన సవరణ పెళ్లిళ్లకు, ఇతర వేడుకలకు కూడా నిషేధాన్ని పొడిగించింది. అంటే ఏ కులపు అమ్మాయి అయినా పట్నంలో వేదిక మీద పదం అభినయించి చప్పట్లు అందుకునే కాలంలోనే, ఆ పదం ఎవరింట నేర్చుకున్నదో ఆ ఇంటి స్త్రీ ఊళ్లో పెళ్లిపందిట్లో అదే పదం పాడితే శిక్షార్హురాలు. సంస్కర్తలలో ఎంతమంది ఈ వైపరీత్యాన్ని గమనించారో చెప్పడం కష్టం, గమనించిన గుర్తులు మాత్రం తక్కువ. గజ్జెలు మూలబడ్డాయి, పిల్లలకు ఆట నేర్పడం మానేశారు, కులం పేరు చెప్పుకోవడం మానేశారు. కొందరు ముసలివారు తలుపులు వేసుకుని తమలో తాము పాడుకునేవారని తరవాతి పరిశోధకులు నమోదు చేశారు.

నటరాజ రామకృష్ణ గోదావరి జిల్లాల ఊళ్లు తిరిగి ఈ వృద్ధ కళాకారిణులను కలిసి, 1970లలో వారిని హైదరాబాదుకు రప్పించి, అభినయ సదస్సులో కూర్చోబెట్టి, ఆంధ్రనాట్యమన్న పేరుతో ఆ సంప్రదాయానికి మళ్లీ వేదిక కల్పించారు. తరవాత నర్తకి స్వప్నసుందరి, సరిదె మాణిక్యమ్మ తదితరుల వద్ద ఆలయసేవను, మేజువాణిని నేర్చి వేదికకు ఎక్కించగా, ఆరుద్ర దానికి విలాసినీనాట్యమన్న పేరు సూచించారు. ఈ పునరుద్ధరణలు లేకపోతే చాలా పదాల అభినయం పూర్తిగా పోయేది. అయినా నేర్చినవారు కొత్త తరం, ఇతర కుటుంబాలవారు; ఆ వృద్ధ స్త్రీల మనుమరాళ్లలో గజ్జె కట్టినవారు అరుదు.

ఇంత చరిత్ర తరవాత వీరేశలింగం విషయంలో ఏమి చేయాలన్న ప్రశ్న తప్పదు, ఎందుకంటే ఇప్పుడు ఆయనను కూడా అంతర్జాలపు బోనులో నిలబెట్టే పాఠకులున్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి, అందుకు కులం చేత వెలి అనుభవించిన మనిషి, మరొక స్త్రీని ఆమె పుట్టుకను బట్టి వెలివేయడానికి వెనుదీయలేదు. ఈ రెండింటిలో ఒకదానిని దాచి మరొకదానిని చెప్పడం ముద్దుపళని అవతారికను తీసివేసిన పని వంటిదే. ఆంధ్రకవుల చరిత్రము లేకుండా తెలుగు సాహిత్య చరిత్ర రచన మొదలు కాదు. అందులో ముద్దుపళని గురించిన వాక్యాలు అన్యాయమైనవి. రెంటినీ ఒకే పుస్తకంలో, ఒకే మనిషి రాసినవిగా చదవడమే సాహిత్య విద్యార్థి చేయగల నిజాయితీ గల పని. నాగరత్నమ్మ కూడా వీరేశలింగం పుస్తకాన్ని తగలబెట్టమనలేదు, దాని తర్కాన్ని ఆయన మెచ్చిన గ్రంథంతోనే ఎదుర్కొన్నది.

ఆమె తరవాతి జీవితం తిరువయ్యారుకు మళ్లింది. శిథిలమవుతున్న త్యాగరాజ సమాధి స్థలాన్ని కొని, తన నగలు, సొమ్ము వెచ్చించి 1920లలో మందిరం కట్టించింది. ఆరాధనలో స్త్రీలు పాడరాదని అక్కడి పెద్దలు కట్టడి చేస్తే, స్త్రీల చేత వేరుగా ఆరాధన జరిపించింది. 1940 ప్రాంతంలో వేరువేరుగా జరిగే ఆరాధనలు కలిసిపోయాక స్త్రీలు పురుషులతో పాటు అక్కడ పాడుతున్నారు. నాగరత్నమ్మ 1952లో మరణించింది. నిషేధం తొలగిన రాధికా సాంత్వనమును వావిళ్లవారు మళ్లీ అచ్చువేసినది కూడా ఆ సంవత్సరమే.